‘ప్రబల్’ రివాల్వరు కొనదగినదా?

కాన్పూరునందలి ప్రభుత్వ ఆయుధ కర్మాగారము ‘ప్రబల్’ అను క్రొత్త రివాల్వరును 2023 ఆగస్టు 18వ తేదిన విడుదల చేసినది. లైసెన్సు గల పౌరులెవరైనను దీనిని కొనవచ్చును. దీని పరిధి 50 మీటర్లనియు, ఇది తక్కిన రివాల్వర్ల పరిధికి రెట్టింపుకంటె ఎక్కువ యనియు, స్త్రీలు సైతము చేతిసంచిలో పెట్టుకొని పోవచ్చుననియు నాడు చాటిరి. పాత రివాల్వరు గలవారు దానిని మార్చుకొందుమా యనియు, లేనివారు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకొందుమా యనియు ఆలోచించుట సహజమే. రాత్రివేళ సొమ్ముతో ఇల్లు చేరవలసిన వర్తకుడును, ప్రొద్దుపోయిన పిదప పనినుండి తిరిగివచ్చు కూతురికై వాకిటిలో నిలిచి యెదురుచూచు తండ్రియు ఓరుగల్లులో నున్నారు, హనుమకొండలో నున్నారు. వారి భయము కల్పితము కాదు. కనుకనే ఈ ప్రశ్నను ఆయుధ వ్యసనపరుల వినోదముగా నెంచి త్రోసిపుచ్చక, పూర్వాపరములు విచారించి సమాధానము చెప్పవలసియున్నది.

ముందుగా యంత్రము సంగతి చూతము. మన దేశమున పౌరులకు చిరకాలముగా దొరకుచున్న ప్రభుత్వపు .32 బోరు రివాల్వరు నడుమ విరిచి తూటాలు నింపునట్టిది. దాని రూపము ఇంగ్లండునందలి వెబ్లీ స్కాటు సంస్థవారి పూర్వపు నమూనాలనుండి వచ్చినది. 2014 జనవరిలో స్త్రీల కొరకని చెప్పి విడుదల చేసిన ‘నిర్భీక్’ కూడ ఆ వంశములోనిదే. ప్రబల్ అట్లు కాదు. తూటాలు పట్టు సిలిండరు ప్రక్కకు తిరిగి బయటికి వచ్చును. చట్రము ఏకఖండముగా నిలిచియుండును. విరిచి మూయు చట్రమునకు కీలును, కొక్కెమును బలహీన స్థానములు. ఏండ్ల తరబడి వాడగా అచ్చట వదులు పుట్టును. ఏకఖండమైన చట్రమునకు ఆ దోషము లేదు. నింపుట సులభము. ఆయుధము ఖాళీగా నున్నదో లేదో కంటితో చూచి నిశ్చయించుకొనుటయు సులభమే. ఇది మాటల మార్పు కాదు, నిజమైన మేలు. దానిని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

అయితే ఈ క్రొత్తదనము ఎంత క్రొత్తదో కూడ తెలిసియుండవలెను. సిలిండరు ప్రక్కకు తిరుగు రివాల్వరును అమెరికాలోని కోల్టు సంస్థ 1889లోనే అమ్మినది. అటుపిమ్మట మన పౌరుని చేతికి ప్రబల్ వచ్చుటకు 134 సంవత్సరములు పట్టినది. కారణము స్పష్టమే. 1980 దశకమునుండి పౌరుల కొరకు విదేశీ పిస్తోళ్ల దిగుమతి నిలిచిపోయినది. స్వదేశమున ప్రభుత్వ కర్మాగారమొక్కటే దిక్కైనది. కొనువాడు గత్యంతరము లేక కొనుచుండగా అమ్మువానికి నమూనా మార్చవలసిన తొందర యేమి? తాతలనాటి విదేశీ రివాల్వర్లు ఇక్కడ బంగారమువలె అమ్ముడుపోవుటకు ఇదియే హేతువు. 2020లో ఉత్తరప్రదేశములోని హర్దోయి జిల్లా సండీలాలో వెబ్లీ స్కాటు పేరుతో ఒక ప్రైవేటు కర్మాగారము .32 రివాల్వర్ల తయారీకి పూనుకొనినది. 2021 అక్టోబరు 1వ తేదిన ఆయుధ కర్మాగారముల మండలి రద్దై ఏడు ప్రభుత్వ కంపెనీలుగా చీలినది. ప్రబల్‌ను తయారుచేసినది వానిలో నొకటి. పోటీ వచ్చిన పిదపనే మార్పు వచ్చినదని దీనివలన తెలియుచున్నది. స్వదేశీ వస్తువనిన మాకు ప్రీతియే. కాని స్వదేశీ యన్నంత మాత్రమున ప్రతి వస్తువును కొనదగినది కాజాలదు. ఖద్దరు కొనుమన్నవారు ఒడలు కప్పుకొనుటకే కొనుమనిరి గాని పెట్టెలో దాచుకొనుటకు కాదు.

ఇక తూటా మాట. ప్రబల్ కాల్చునది .32 స్మిత్ వెస్సన్ లాంగు అను తూటానే. అది 1896లో పుట్టినది. నిర్భీక్ కాల్చినదియు అదియే. మన చట్టమున 9 మిల్లీమీటర్ల బోరును, .38 బోరును పౌరులకు నిషేధింపబడినవి గనుక తయారుచేయువారికి వేరు మార్గము లేదు. కుండ మారినది గాని అందులోని నీరు మారలేదు. తగిలినచోట పాత రివాల్వరు చేయు పనికంటె క్రొత్త రివాల్వరు చేయు పని వేరుగా నుండునని యెవ్వరును భ్రమపడనక్కరలేదు.

బరువు చూతము. తూటాలు లేకుండ ప్రబల్ బరువు 700 గ్రాములు. నిర్భీక్ బరువు 500 గ్రాములు. అనగా చేతిసంచిలో పెట్టుకొని పోవచ్చునని చెప్పబడిన క్రొత్త ఆయుధము, అదే మాట చెప్పి 9 ఏండ్ల క్రితము అమ్మిన ఆయుధముకంటె 200 గ్రాములు బరువైనది. బరువు దోషమేయని మా అభిప్రాయము కాదు. బరువైన రివాల్వరు పేలినపుడు చేయి తక్కువగా అదురును. కాని మోయుటకు తేలిక యనుట యొకటి, కాల్చుటకు కుదురు అనుట వేరొకటి. ఈ రెండును ఒకే వస్తువునందు ఒకేసారి పూర్తిగా దొరకవు. కొనువాడు తనకు కావలసినదేదో ముందు తేల్చుకొనవలెను.

అన్నిటికంటె గట్టిగా చాటబడిన గుణము 50 మీటర్ల పరిధి. దీనిని కొంచెము లెక్కవేసి చూడవలెను. ప్రబల్ గొట్టము పొడవు 76 మిల్లీమీటర్లు, అనగా మూడంగుళములు. ఇంత కురచ గొట్టముపై గురి పట్టునపుడు ఒక్క డిగ్రీ తేడా వచ్చుట యెంతో సులభము. ఆ ఒక్క డిగ్రీ తేడా 5 మీటర్ల దూరమున సుమారు 9 సెంటీమీటర్లగును; 50 మీటర్ల దూరమున 87 సెంటీమీటర్లగును. మొదటిది మనిషి యొడలిలోనే యుండును. రెండవది మనిషిని దాటి, అతని ప్రక్క నున్నవానికి తగులును. ఇది చీకటిలో, ఉలికిపాటులో, వణకుచున్న చేతితో కాల్చువాని లెక్క కాదు. పట్టపగలు నిదానముగా గురిచూచువాని లెక్క. హనుమకొండ చౌరస్తాలో సాయంకాలము 50 మీటర్ల దూరమున నెంతమంది యుందురో చూచినవారికి చెప్పనక్కరలేదు. తూటా అంతదూరము పోవుట యంత్రపు శక్తి. పోవలసిన చోటికే పోవుట మనుష్యుని అభ్యాసము. లైసెన్సు పుస్తకములో వ్రాసియిచ్చిన పరిమితికి లోబడి తూటాలు కొనుచు, వానిని ఖర్చుపెట్టుటకు మనసొప్పక బీరువాలో దాచుకొను మన పౌరునికి ఆ అభ్యాసమెక్కడిది?

ధర్మశాస్త్రము సంగతియు నిట్లే యున్నది. 2024 జులై 1వ తేదినుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షను మొదలు 44వ సెక్షను వరకు ఆత్మరక్షణ హక్కును వివరించుచున్నది. ఈ హక్కు అల్పమైనది కాదు. చావుగాని, తీవ్రమైన గాయముగాని, అత్యాచారముగాని, అపహరణముగాని జరుగునను న్యాయమైన భయము కలిగినచో దుండగుని ప్రాణము తీయుటకు సైతము 38వ సెక్షను అనుమతించుచున్నది. నేరగానిముందు పిరికివానివలె పారిపొమ్మని చట్టము పౌరునికి చెప్పదని మన సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగు కేసున స్పష్టముగా తీర్పు చెప్పినది. కాని 37వ సెక్షను ప్రకారము, రక్షణకు అవసరమైనదానికంటె ఎక్కువ హాని చేయరాదు. అధికారుల రక్షణను ఆశ్రయించుటకు సమయమున్నచో ఈ హక్కు లేదు. 40వ సెక్షను ప్రకారము, అపాయము గలదను న్యాయమైన భయముతో హక్కు పుట్టును. ఆ భయముతోనే ముగియును. ఇపుడు యోచింపుడు. ఏబది మీటర్ల దూరమున నున్నవాడు, చేత తుపాకి లేనివాడు, ఈ నిమిషముననే నా ప్రాణము తీయుచుండెనని న్యాయస్థానమున చెప్పి మెప్పించుట ఎంత కష్టము! ఏ గుణమును మెచ్చి కొందుమో ఆ గుణమును వాడుటకు చట్టము సాధారణముగా సందీయదు. అవకాశము దొరకునది చేయిచాపినంత దూరముననే. అంత దూరమునకు పాతదైన నేమి, క్రొత్తదైన నేమి?

ఓరుగల్లువారికి ఈ విషయమున ఒక చేదు జ్ఞాపకము గలదు. 2008 డిసెంబరు 10వ తేదిన కళాశాలనుండి తిరిగి యింటికి పోవుచున్న ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై మోటారుసైకిలుపై వచ్చిన ముగ్గురు ఆసిడు పోసిరి. ఒకామె ఆ నెల ముగియకముందే ఆసుపత్రిలో కన్నుమూసినది. మూడు దినములలోనే నిందితులు ముగ్గురును పోలీసు తూటాలకు కూలిరి. జనము ఆనాడు పోలీసులను పూలమాలలతో ముంచెత్తిరి. 2019 నవంబరులో శంషాబాదు దగ్గర పశువైద్యురాలిపై జరిగిన ఘోరము తరువాత, డిసెంబరు 6వ తేదిన అదే కథ జరిగినది. పోలీసుల పిస్తోళ్లు లాగుకొని నిందితులే మొదట కాల్చిరను కథనమును సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు సంఘము 2022లో నమ్మలేదు. చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరని తేల్చినది. ఆ ప్రశ్న అట్లుండనిండు. మాకు కావలసినది మరియొక సంగతి. ఆ రెండు సందర్భములందును తుపాకి ఆలస్యముగా వచ్చినది. ఆడపిల్లలపై ఘోరము జరిగిపోయిన తరువాతనే అది పేలినది.

2008 డిసెంబరునాటి ఆ విద్యార్థినుల చేతిసంచిలో ఒక రివాల్వరు ఉండియున్నచో నేమగును? మనసు గట్టిచేసికొని ఆలోచింపవలెను. వారు బండిపై పోవుచుండిరి. దుండగులు ప్రక్కకు వచ్చిరి. ఆసిడు చల్లుటకు పట్టునది రెప్పపాటు కాలము. సంచి తెరచుటకు, ఆయుధము తీయుటకు, గురిచూచుటకు అందులో చోటు లేదు. ఏ నమూనా అయినను, ఎన్ని మీటర్ల పరిధి యైనను, ఆ రెప్పపాటును పొడిగింపలేదు. ఆసిడు దాడిని ఎదుర్కొను సందర్భమున ప్రాణము తీయు హక్కు గలదని 2013లో శిక్షాస్మృతికి చేర్చిరి. నేటి సంహితయందును అది యున్నది. మంచిదే. కాని ఆ హక్కును వినియోగింపవలసిన క్షణము రాకముందే పని జరిగిపోవును. ఆ విద్యార్థినులను కాపాడగలిగినవి వేరుగా నున్నవి. అంతకుముందే వేధింపులపై ఫిర్యాదు వచ్చినపుడు తక్షణమే కదలెడు పోలీసు ఠాణా యొకటి. అడిగినవానికెల్ల ఆసిడు అమ్మని అంగడి రెండవది. సుప్రీంకోర్టు 2013 జులైలో ఆసిడు విక్రయమును కట్టుదిట్టము చేసినది. కొనువాని పేరు, చిరునామా పుస్తకములో వ్రాయవలెనని, గుర్తింపు కాగితము చూడవలెనని, 18 ఏండ్లు నిండనివానికి అమ్మరాదని ఆజ్ఞాపించినది. ఆ పుస్తకము ఖరీదు రివాల్వరు ఖరీదులో ఎన్నవ వంతు?

కొన్న రివాల్వరు వాడు క్షణము నూటికి తొంబది తొమ్మిదిమంది జీవితమున రాదు. రాని దినములన్నియు అది యింట నుండును. కనుక దాని నిజమైన వెల అంగట చెల్లించు వెల కాదు. ఇంట నుంచుకొను వెల. లైసెన్సు 5 ఏండ్లకు చెల్లును. పిదప మార్పిడి చేయించుకొనవలెను. 2016 ఆయుధ నియమములు వచ్చిన తరువాత శిక్షణ ధ్రువపత్రము కావలెను; ఆయుధమును భద్రముగా దాచుదునని హామీ యీయవలెను. 2019 సవరణ తరువాత ఒక్కరికి రెండింటికి మించి ఆయుధములు కూడవు. పెండ్లి ఊరేగింపున గాలిలోకి నిర్లక్ష్యముగా కాల్చినవారికి 2 ఏండ్ల వరకు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. ఎన్నికలు వచ్చినచో, మినహాయింపు పొందినవారు తప్ప, ఆయుధమును ఠాణాలో అప్పగింపవలెను. తెలంగాణములో 2023 శాసనసభ ఎన్నికలకును, 2024 లోకసభ ఎన్నికలకును అట్లే జరిగినది. ఊరంతయు ఉద్రిక్తముగా నుండు దినములలోనే ఆయుధము ఇంట నుండదన్నమాట.

అయినను ఇవన్నియు చిన్న చిక్కులు. పెద్ద చిక్కు మనుష్య స్వభావమున నున్నది. తుపాకి ఇంట నున్న దేశమేమి చెప్పుచున్నదో వినుడు. అమెరికాలో 2021వ సంవత్సరమున తుపాకి గాయముల వలన 48,830 మంది చనిపోయిరి. వారిలో 26,328 మంది ఆత్మహత్య చేసికొనినవారు. దొంగను కాల్చుటకని కొన్న ఆయుధము సగముకంటె ఎక్కువ సందర్భములలో కాల్చినది ఇంటివానినే. 1993లో అచ్చటి ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటింపబడిన పరిశోధనము, తుపాకి యున్న యింట హత్య జరుగు అవకాశము లేని యింటికంటె 2.7 రెట్లని తేల్చినది. అపాయము గలవారే తుపాకి కొందురు గనుక ఈ లెక్క అట్లు కనబడుచున్నదని వాదించినవారును గలరు. ఆ వాదమున కొంత సత్యమున్నను, తుపాకి ఉన్నందున ఇల్లు క్షేమమైనదని మాత్రము ఆ లెక్కలు చెప్పుటలేదు. మన ఇండ్లలో అప్పుల బాధతో, పంట నష్టముతో, పరీక్ష తప్పిన దుఃఖముతో ఒక్క గంట మతి చెడినవారిని ఆ గంట దాటించుటయే మహాభాగ్యము. ఆ గంటలో చేతికందుబాటున నేమి యున్నదనుటపై ప్రాణము ఆధారపడియుండును.

అమెరికా మనకు దూరదేశము కాదు. ఓరుగల్లునకు చెందిన ఒక విద్యార్థి 2018 జులై 6వ తేదిన మిజోరీ రాష్ట్రపు కాన్సాస్ నగరమున ఒక భోజనశాలలో పనిచేయుచుండగా దోపిడికి వచ్చినవాని తూటాకు బలియైనాడు. 2017 ఆరంభమునుండి ఆ రాష్ట్రమున పెద్దలెవరైనను ప్రత్యేకానుమతి లేకయే పిస్తోలు దాచుకొని తిరుగవచ్చును. చదువుల వీసాపై పోయిన పరదేశికి మాత్రము, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి ఉంచుకొను హక్కే లేదు. అందరి చేతను ఆయుధమున్నచో అందరును క్షేమముగా నుందురను సిద్ధాంతము ఎంతవరకు నిలుచునో ఆ భోజనశాల తేటతెల్లము చేసినది. ముందుగా తీసినవానిదే పైచేయి. ముందుగా తీయువాడు దొంగయే గాని గృహస్థు కాడు.

ఇచ్చట జాతీయవాదులు కొందరు మాకు గట్టి ఆక్షేపణ చెప్పవచ్చును. ప్రజలను నిరాయుధులను చేసినది పరప్రభుత్వము కాదా? 1878లో లిట్టను దొరతనమున చేసిన ఆయుధ చట్టము తెల్లవారిని విడిచి భారతీయుల చేతినుండి మాత్రమే ఆయుధము లాగుకొనినది. ఒక జాతినంతటిని నిరాయుధముగా చేయుట బ్రిటిషువారి దుష్కృత్యములలో మిక్కిలి నల్లనిదని అహింసామూర్తియైన గాంధీ మహాత్ముడే 1918లో తెలిపినాడు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానము, నియమములకు లోబడి ఆయుధము ధరించుటను పౌరుని ప్రాథమిక హక్కులలో చేర్చినది. అట్టి సంప్రదాయమునకు వారసులమై ఆయుధము వలదనుట తగునా? అని.

ఆక్షేపణ గౌరవింపదగినదే. కాని కథ కరాచీతో ముగియలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభయందు కామతు గారు ఆయుధ ధారణమును ప్రాథమిక హక్కుగా చేర్చవలెనని ప్రతిపాదింపగా సభ అంగీకరింపలేదు. డాక్టరు అంబేద్కరు దానిని వ్యతిరేకించినాడు. మన రాజ్యాంగపు 19వ అధికరణము శాంతియుతముగా, నిరాయుధముగా సమావేశమగు హక్కునే యిచ్చినది. బానిసజాతికి ఆయుధము హక్కు. స్వతంత్రజాతికి అది అనుమతి. ఈ మార్పు పిరికితనము వలన కలుగలేదు. తన ప్రభుత్వము తనదైనపుడు రక్షణ భారమును ప్రజ దానిపై నుంచును. ఆ భారమును అది మోయకున్నచో నిలదీయవలెను గాని, నీ భారము నేనే మోసెదనని లక్ష రూపాయలు చెల్లించి రసీదు పుచ్చుకొనరాదు.

తెలంగాణపు చరిత్ర ఇంకను స్పష్టముగా పలుకుచున్నది. 1946 జులై 4వ తేదిన కడివెండిలో దొడ్డి కొమరయ్య కూలినపుడు తుపాకులు దేశముఖు మనుష్యుల చేత నుండెను. ఊరి చేత వడిసెలలు, కర్రలు ఉండెను. ఆ నాడు ఊరు గెలిచినది ఒక్కొక్కడు ఒక్కొక్క తుపాకి సంపాదించి కాదు, ఊరంతయు ఒక్కటై. భైరానుపల్లి ప్రజలు బురుజుపై కావలి పెట్టి, డప్పు మ్రోగించి, వడిసెలలతో, నాటు తుపాకులతో రజాకార్లను పలుమారులు తరిమిరి. 1948 ఆగస్టు 27వ తేదిన నిజాము సైన్యము పెద్ద ఆయుధములతో వచ్చి ఆ బురుజును కూల్చినది. ఎనుబదిమందికి పైగా ఊచకోతబడిరి. అందు మనకు రెండు పాఠములు గలవు. సామాన్యుని రక్షించినది వాని ఆయుధము కాదు, డప్పు విని పరుగెత్తివచ్చిన ఇరుగుపొరుగు. ఆయుధ బలము నమ్మినచో, అంతకంటె పెద్ద ఆయుధము ఎల్లపుడును ఎదుటివాని చేత నుండును. తరువాతి దశాబ్దములందు ఓరుగల్లు, కరీంనగరు పల్లెలలో లైసెన్సు తుపాకులు గల భూస్వాముల ఇండ్లకే దళములు మొదట పోయెడివి. ఆ తుపాకి కొరకే పోయెడివి.

సంస్కృతమెరిగినవారికి సౌప్తికపర్వపు కథ తెలియును. బ్రహ్మాస్త్రమును అర్జునుడును సంధించెను, అశ్వత్థామయు సంధించెను. మునులు వారింపగా అర్జునుడు ఉపసంహరించుకొనెను. అశ్వత్థామకు ఉపసంహారము తెలియదు. ఆ అస్త్రము గర్భస్థ శిశువుపై పడినది. రివాల్వరు తూటాకు అర్జునునంతవానికిని ఉపసంహారము లేదు. అట్టి ఆయుధమును చేపట్టువాడు ప్రయోగమును ఒక దినమున నేర్చుకొనవచ్చును; ప్రయోగింపకుండుటను జీవితమంతయు నేర్చుకొనవలెను. సిలిండరు ప్రక్కకు తిరిగినంతనే ఈ విద్య సులభము కాదు.

ఇక ప్రభుత్వమును ఒక మాట అడుగవలసియున్నది. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున జరిగిన దారుణము తరువాత 2013 బడ్జెటులో నిర్భయ నిధియని 1,000 కోట్ల రూపాయలు కేటాయించిరి. 2014లో నిర్భీక్ రివాల్వరును 1,22,360 రూపాయలకు అమ్మకమునకు పెట్టిరి. మొదటిది రక్షించెదమను వాగ్దానము. రెండవది మీరే రక్షించుకొనుడను సలహా, అదియు డబ్బుగలవారికే. నాగలి పట్టు స్త్రీకి, బీడీలు చుట్టు స్త్రీకి, దుకాణములో నెలజీతమునకు నిలుచు స్త్రీకి ఆ వెల అందునా? అపాయమంతయు ఒంటరిగా బస్సుదిగి నడచుపోవు వారిది. ఆయుధము మోటారుకారులో తిరుగువారిది. లైసెన్సు ఇచ్చునది ప్రభుత్వమే, ఆయుధము అమ్మునది ప్రభుత్వపు కంపెనీయే, రక్షింపవలసినదియు ప్రభుత్వమే. ఈ మూడు పాత్రలను ఒక్కరే ధరించినపుడు, భయము తగ్గించుటయందు ఎంత శ్రద్ధ యుండునో, భయమును అమ్ముటయందును అంతే శ్రద్ధ పుట్టు ప్రమాదము గలదు. అమ్మకపు ప్రకటనయందు స్త్రీల పేరు వాడుట ఇకనైన మానుకొనుట మర్యాద.

కొనదగినదా యను ప్రశ్నకు మా సమాధానము నిర్మొగమాటముగా నిది. లైసెన్సు కలిగి, ఏటేట గురి అభ్యసించుచు, విరిచి నింపు పాత రివాల్వరు వదులై చెడినవారికి ప్రబల్ మేలైన మార్పిడియే, నిశ్చింతగా కొనవచ్చును. పాతది సరిగా పనిచేయుచున్నవారు 50 మీటర్ల మాట విని మార్చుకొనుట వృథావ్యయము. ఆ సొమ్ములో కొంత శిక్షణకు వెచ్చించినచో క్రొత్త నమూనాకంటె ఎక్కువ మేలు కలుగును. నిజముగా పేరుపెట్టి బెదిరింపులు వచ్చుచున్నవారు ముందు ఫిర్యాదును వ్రాతమూలముగా నమోదు చేయించవలెను; ఆయుధము దాని తరువాతి మాట. ఇంట చిన్నపిల్లలుగాని, మనోవ్యాకులత గలవారుగాని, త్రాగి చేయెత్తువారుగాని ఉన్నవారు ఏ నమూనాను కొనరాదు. కూతురి కొరకు కొందునను తండ్రికి మా సలహా యొక్కటే. ఆ ఆయుధము ఆమె చేతికి వచ్చులోగా వేయవలసిన అడుగులు మరి పది గలవు.

ఆ పది అడుగులు వేయించుట పౌరుల పని. ప్రొద్దుపోయిన పిదప కాజీపేట స్టేషనునుండి ఊరిలోనికి బస్సు నడచుచున్నదా? కళాశాల త్రోవలో దీపములు వెలుగుచున్నవా? షీ టీములకు వచ్చిన ఫిర్యాదుపై ఎన్ని గంటలలో కదలిరి? ఆసిడు అమ్ము అంగళ్లలో పుస్తకము వ్రాయుచున్నారా? ఈ ప్రశ్నలతో పురపాలక సభ్యుని, పోలీసు అధికారిని, శాసనసభ్యుని నెలనెల నిలదీయు సంఘము ప్రతి వాడలో నొకటి ఏర్పడినచో, అది నేటి ఓరుగల్లునకు భైరానుపల్లి బురుజుపై మ్రోగిన డప్పు వంటిదగును. దానికి లైసెన్సు అక్కరలేదు. దానికి పరిధి 50 మీటర్లు కాదు, ఊరంతయు. రివాల్వరు కొనుటకు ముందు ఆ డప్పు కొట్టి చూడుడని మా విన్నపము.